వీసం, పరక, ముక్కాలు: పోటీ పరీక్షకు పాత బడి



ఉద్యోగానికి దరఖాస్తు నింపేటప్పుడు ఒకచోట చిన్న గడి వస్తుంది. ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలని అడుగుతుంది. బళ్ళారిలోనో, హోసూరులోనో, పర్లాకిమిడిలోనో, సిరొంచలోనో ఉన్న తెలుగింటి పిల్లవాడి చెయ్యి ఆ గడి దగ్గర కాస్సేపు ఆగుతుంది. ఇంట్లో మాట తెలుగు. బడిలో చదువు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. లెక్కలు ఒక భాషలో వచ్చు, కోపం ఇంకో భాషలో వస్తుంది. మరి పరీక్ష ఏ భాషలో రాయాలి? ఈనాటి ప్రసంగంలో ఆ గడి వెనకాల ఉన్న రెండు వందల ఏళ్ళ కథ చెప్పుకుందాం.

కథ మన బళ్ళారిలోనే మొదలుపెడతాను. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన తెలుగు బాగా తెలిసిన మనిషి. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్నది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో.

ఆ లెక్కలో మొత్తం బడులు 533. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మరాఠీవి 23, పారశీకం చెప్పేవి 21, తమిళానివి 4, సంస్కృత పాఠశాలలు 23, ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. కన్నడానికీ తెలుగుకూ తేడా తొమ్మిది బడులే, గమనించారా? సరిహద్దు అనే మాట పుట్టక ముందు సరిహద్దు అలా ఉండేది. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది. అంతే. నేత పని చేసుకునే కుటుంబాలు సీమ బట్టల రాకతో చితికిపోయాయనీ, వెనుక బడులున్న ఊళ్ళలో చాలాచోట్ల ఇప్పుడు లేవనీ ఆయన దాచకుండా రాశాడు. కంపెనీ కొలువులో ఉన్నవాడు అంత మాట రాయడం చిన్న విషయమేమీ కాదు.

ఇక బడి ఎలా నడిచేదో వినండి. తెల్లవారి ఆరింటికి బడి. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. గుంట ఓనమాలంటే అవే. ముందు నేర్చిన పిల్లలు వెనకవాళ్ళకు చెప్పేవారు. చెబుతుంటే చెప్పేవాడికే పాఠం గట్టిపడుతుంది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతి మీద 1797లో పుస్తకం అచ్చు వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది.

లెక్కల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరుసగా నిలబడి, పెద్ద పిల్లవాడు చెబుతుంటే ఎక్కాలూ, కొలతలూ, తూకాలూ, భిన్నాలూ గొంతెత్తి చెప్పేవారు. ఆ భిన్నాలు పదుల మీద నడిచేవి కావు, నాలుగుల మీద నడిచేవి. ఒకటిలో నాలుగో వంతు కాలు, రెండు కాళ్ళు అర, మూడు ముక్కాలు. కాలులో మళ్ళీ నాలుగో వంతు వీసం, అంటే పదహారో వంతు. రెండు వీసాలు పరక, మూడు మువ్వీసం. వీసంలో నాలుగో వంతు కాని, అంటే అరవై నాలుగో వంతు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు ఉన్న రోజుల్లో ఇది నోటి మీద లెక్క. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి, నాలుగుల లెక్క మూలన పడింది.

మూలన పడింది అన్నాను గానీ, పోటీ పరీక్ష లెక్కల్లో అది మారువేషంలో తిరుగుతోంది. 12½ శాతం అని ప్రశ్నలో కనబడగానే పిల్లలు కలం తీసి నూటితో భాగించడం మొదలుపెడతారు. అది పరక, ఎనిమిదో వంతు. 840 రూపాయల వస్తువు మీద 12½ శాతం తగ్గింపు ఎంత? సగం 420, అందులో సగం 210, అందులో సగం 105. అయిపోయింది. 6¼ శాతం వీసం. 18¾ శాతం మువ్వీసం. 640లో మువ్వీసం ఎంతంటే, వీసం నలభై, మూడు వీసాలు నూట ఇరవై. మీ ఇంట్లో అవ్వకో తాతకో ఈ ఎక్కాలు ఇంకా నోటికి వస్తుంటే, ఈ వారమే రాసిపెట్టుకోండి. శిక్షణ కేంద్రాల్లో సులభ సూత్రాలని రుసుము పుచ్చుకుని చెప్పేవాటిలో సగం ఇవే.

లెక్కల్లో మన ఇరుగుపొరుగు బంధుత్వం ఇంకా పాతది. కలబురగి జిల్లాలో సేడం దగ్గర మళఖేడ అని ఊరుంది. అది రాష్ట్రకూటుల మాన్యఖేటం. అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ రాజు నీడన పుట్టిన లెక్క తెలుగు పద్యమయింది. మీరిప్పుడు క.సా.గు. అని పిలిచేదాన్ని మహావీరుడు నిరుద్ధం అన్నాడు. ఆయన లెక్క ఒకటి చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకోండి. ముగ్గురు వర్తకులకు దారిలో డబ్బుసంచి దొరికింది. మొదటివాడు, ఈ సంచి నాకిస్తే మీ ఇద్దరి దగ్గర కలిపి ఉన్నదానికి రెట్టింపు నా దగ్గర ఉంటుందన్నాడు. రెండోవాడు నాకిస్తే మీ ఇద్దరిదానికి మూడు రెట్లన్నాడు. మూడోవాడు ఐదు రెట్లన్నాడు. సంచిలో ఎంత, ఒక్కొక్కరి దగ్గర ఎంత? చిన్న అంకెల్లో జవాబు కావాలి. చివర చెబుతాను.

మళ్ళీ బళ్ళారి బడికి వద్దాం. క్యాంప్‌బెల్ మెచ్చుకున్నది ఎంతో, విసుక్కున్నదీ అంతే. బడిలో చదివించే పుస్తకాలు తెలుగులోనూ కన్నడంలోనూ పద్యాలే. ఆ భాష ఇంట్లో, అంగడిలో వాడే భాష కాదు. పిల్లలకు అక్షరం వచ్చు, పద్యం నోటికి వచ్చు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే అన్నాడు. పరదేశి ఎకసెక్కం అని తోసిపుచ్చకండి. ఈనాడు పరీక్షల్లో ఒక గద్యభాగం ఇచ్చి కింద ఐదు ప్రశ్నలు వేస్తారే, అక్కడ తప్పేది ఇదే. చదవడం వచ్చు, చదివింది తలకెక్కదు. రెండు వందల ఏళ్ళ కిందట పద్యంతో వచ్చిన చిక్కు ఇప్పుడు ఇంగ్లీషు పేరాతో వస్తోంది.

పోటీ పరీక్ష అనేది మన దేశపు కొలువుల్లోకి వచ్చింది 1853 చార్టర్ చట్టంతో. మరుసటి ఏడు మెకాలే అధ్యక్షతన ఒక సంఘం పరీక్ష ఎలా ఉండాలో నివేదిక ఇచ్చింది. 1855లో మొదటి పరీక్ష లండన్‌లో జరిగింది. ఆ నివేదికలో మార్కులు చూడండి. మొత్తం 6,875. ఇంగ్లీషుకు 1,500. గణితానికి 1,000. గ్రీకుకు 750, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఇండియాను ఏలడానికి వచ్చేవాడికి ఇండియా భాష కంటే గ్రీకు రెట్టింపు విలువ! తెలుగు ఊసే లేదు. అయినా 1863లో సత్యేంద్రనాథ్ టాగూర్ నెగ్గాడు, నెగ్గిన మొదటి భారతీయుడు ఆయనే. 1870ల చివర వయసు హద్దును 19 ఏళ్ళకు దించారు. ఆ వయసుకు ఓడెక్కి లండన్ పోయి గ్రీకు చదివినవాళ్ళతో పోటీపడటం ఎందరికి సాధ్యం?

జనరల్ నాలెడ్జి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పైపైన అన్నీ తెలిసినవాడికి ఆ విషయంలో ఒక్క మార్కూ ఇవ్వకూడదన్నది ఆ సంఘం పట్టు. మెకాలేను మెచ్చుకోవడానికి నాకు కారణాలు తక్కువే గానీ, ఈ మాట మాత్రం సరైనదే. రాజధానులు, నదులు, బహుమతులు అని పేర్లు వల్లెవేసే పుస్తకాలు చూస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది. బళ్ళారి కర్ణాటకలో ఉందని తెలిస్తే ఒక ప్రశ్నకు జవాబు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు, మిగతా తాలూకాలు మైసూరుకూ వెళ్ళాయనీ, బళ్ళారి తాలూకా కోసం జస్టిస్ మిశ్రా విచారణ జరిగిందనీ తెలిస్తే నాలుగు ప్రశ్నలకు జవాబు. పైగా అది మన ఇంటి కథ, మరిచిపోరు.

1922 నుంచి ఐ.సి.ఎస్. పరీక్ష అలహాబాదులోనూ జరిగింది. 1926లో దేశానికి పబ్లిక్ సర్వీస్ కమిషన్ వచ్చింది. 1929 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి సొంత కమిషన్ వచ్చింది, రాష్ట్రాల్లో మొదటిది అదే. భాష మాత్రం చాలాకాలం ఇంగ్లీషే. కొఠారి సంఘం 1976లో ఇచ్చిన నివేదిక మీద 1979లో సివిల్ సర్వీసు పరీక్ష మారింది. మెయిన్ పరీక్ష తెలుగులో రాయవచ్చు. ముందు జరిగే ప్రిలిమినరీ ప్రశ్నపత్రం మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే. 2011లో దానిలో గద్యభాగాలు, అంకగణితం, తర్కం కలిపి రెండో పేపరు పెట్టారు. 2014లో దాని మీద పెద్ద ఆందోళన జరిగింది. 2015 నుంచి ఆ పేపరులో 33 శాతం వస్తే చాలన్నారు. చాలనడమే గానీ, దాంట్లోనే ఆగిపోయేవాళ్ళు ఏటా ఉన్నారు.

ఇక మన గడి. కేంద్ర సాయుధ పోలీసు దళాల కానిస్టేబులు పరీక్షను 2024 నుంచి హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు. వాటిలో తెలుగుంది, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా ఉన్నాయి. భాషా విభాగం మాత్రం హిందీయో ఇంగ్లీషో. సంతోషమే. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా అని తెలుగు గడిలో గుర్తు పెట్టి, హాలులో కూర్చున్నాక అక్షరాలు కూడబలుక్కుంటే గంటలో ఎనభై ప్రశ్నలు అయ్యేవి కావు.

ఇంటి దగ్గరే పరీక్షించుకోండి. అంకగణితపు మాటలే తీసుకోండి. భాజకం, శేషం అంటే కన్నడం చదివినవాడికీ అవే మాటలు. హోసూరులో తమిళం చదివినవాడికి భాజకం వకుత్తి, భాగఫలం ఈవు, శేషం మీది. మన వడ్డీ తమిళంలో వట్టి, కన్నడంలో బడ్డి. మరాఠీలో వ్యాజ్. మనకు వ్యాజ్యమంటే కోర్టు గొడవ, రెండింటికీ చుట్టరికం ఉందని అప్పులపాలైనవాళ్ళు ఒప్పుకుంటారు. ఒడియాలో వడ్డీని సుధ అంటారు. అప్పిచ్చినవాడికి సుధే మరి! ఈ మాటలు ఏ భాషలో చూడగానే మీ బుర్ర ఆగకుండా లెక్కలోకి పోతుందో ఆ గడిలో గుర్తు పెట్టండి. అది తెలుగు కాకపోతే నామోషీ ఏమీ లేదు. రాష్ట్రపు కొలువులకైతే ఆ రాష్ట్ర భాష ఎలాగూ కావాలి. తమిళనాడులో 2021 ఉత్తర్వు ప్రకారం తమిళ పేపరులో నూటికి నలభై రాకపోతే మిగతా పేపరు దిద్దరు.

మరి తెలుగు చదవాలని ఉన్నవాళ్ళ మాట? మన ఇళ్ళలో ఒక వింత ఉంది. చాలా ఇళ్ళలో తెలుగు అక్షరం వచ్చింది అవ్వకు, దరఖాస్తు నింపేది మనవడో మనవరాలో. పాత బడి పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. తెలుగు పత్రికలో ఒక పేరా అవ్వచేత పైకి చదివించండి. మర్నాడు అదే పేరా మీరు చదవండి, గడియారం పెట్టుకుని. కాగితం మూసి, అందులో ఏముందో రెండు మాటల్లో అవ్వకు చెప్పండి. తప్పు చెబితే అవ్వే పట్టుకుంటుంది. అక్షరం రాని అవ్వయినా ఫరవాలేదు, మీరు చదివింది ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే. నెల రోజులకు తేడా మీకే తెలుస్తుంది.

ఒక చివరి లెక్క, జవాబు తెలియని ప్రశ్నల గురించి. 2007 నుంచి సివిల్ సర్వీసు ప్రిలిమినరీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తున్నారు. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే, నాలుగు ప్రశ్నలకు ఒకటి కలిసొస్తుంది, మూడు తప్పులకు ఒక మార్కు పోతుంది. మిగిలేది సున్న, బళ్ళారి బడిలో రెండోవాడి అరచేతిలో సున్నలాగా. ఒక జవాబు కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే, మూడు ప్రశ్నలకు ఒకటి వస్తుంది, రెండు మూడో వంతులు పోతాయి, ఒక మూడో వంతు లాభం. కొట్టేయడానికైనా కాస్త తెలిసి ఉండాలి.

ఇందాకటి సంచి లెక్క. సంచిలో పదిహేను. వర్తకుల దగ్గర వరుసగా ఒకటి, మూడు, ఐదు. మొదటివాడికి సంచి ఇస్తే పదహారు, మిగతా ఇద్దరిదీ కలిపి ఎనిమిది. తక్కిన ఇద్దరి సంగతీ మీరే సరిచూసుకోండి. సెలవు.