పెరటి పసుపు, బెంగాలు నీళ్ళు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, పసుపు విషయంలో మనమెవరమూ ఆ సామెత ఒప్పుకోం. గడపకి రాయాలన్నా, గాయానికి అద్దాలన్నా, పప్పులో వేయాలన్నా అదే కదా! 1815లో వోగెల్, పెల్లెటియే అనే శాస్త్రజ్ఞులు అందులోని రంగు పదార్థాన్ని విడదీసి కర్కుమిన్ అన్నారు. దాని నిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది.

దానికి గట్టి పరీక్ష పశ్చిమ బెంగాలులో ఎదురైంది. చెరువు నీళ్ళు తాగితే కలరా, విరేచనాలు వస్తున్నాయని అక్కడ పల్లెపల్లెనా గొట్టపు బావులు వేశారు. నీళ్ళు అద్దంలా ఉండేవి. 1983లో కలకత్తా చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా కొందరు పల్లెవాసుల ఒంటిమీద వింత మచ్చలు చూశారు. ఆరా తీస్తే, బావి నీళ్ళలో ఆర్సెనిక్! మనం పాషాణం అంటామే, ఆ జాతిదే. రంగు లేదు, రుచి లేదు. భూమి పొరల్లోంచే నీళ్ళలోకి దిగింది.

ఆ విషం చర్మంతో ఆగదు. ఒంటికి కాపలా కాసే తెల్లకణాల్లో చిచ్చు రేపి, వాటి డి.ఎన్.ఎ.ని దెబ్బతీస్తుంది. చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు అలాంటి నీళ్ళు తాగినవాళ్ళకి మూడు నెలలు కర్కుమిన్ ఇచ్చి చూశారు. తెల్లకణాల్లో ఆ దెబ్బలు తగ్గాయని 2010లో ప్రకటించారు.

బాగానే ఉంది. కానీ వంట పసుపులో కర్కుమిన్ నూటికి రెండు మూడు పాళ్ళే. అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరిందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చెప్పారు. జలుబు చేస్తే పాలలో పసుపుతోపాటు మిరియాల పొడి వేసే అత్తగార్లు "మేం చెప్పలేదూ?" అంటారు. అననివ్వండి!

అయితే ఒక్క మాట మరిచిపోకూడదు. ఆ బెంగాలు తల్లులు రోజూ చేపల పులుసులో పసుపు వేసినవాళ్ళే. అయినా వాళ్ళ పిల్లల ఒంటిమీద మచ్చలు ఆగలేదు. కాపలావాడికి పసుపు తోడు నిలుస్తుందేమో గాని, దొంగకి తెరిచిపెట్టిన తలుపు మూయలేదు. లీటరు నీటిలో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ తలుపు మూయాల్సింది బావులు తవ్వించినవాళ్ళు. వాళ్ళు చేయాల్సిన పని వంటింటి పోపుల పెట్టె మీదకి నెట్టేస్తే ఎలా చెప్పండి?