మదర్సాలో వైద్యం చెప్పేవారా? దారుల్‌షిఫా నుంచి మన ఎస్‌.కోట దాకా

శృంగవరపుకోట నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ప్రశ్న చాలా సింపుల్. మదర్సాలో ఆరోగ్యం గురించి చెబుతారా? మతం తప్ప ఇంకేం చెప్పరనే చాలామంది అనుకుంటారు. చరిత్ర మాత్రం వేరేలా ఉంది. పది నిమిషాలు ఓపిక పట్టండి, అంతా చెబుతాను.

ముందు మాట సంగతి. 'మదర్సా' అంటే అరబ్బీలో పాఠం చెప్పే చోటు, అంతే. ఏ పాఠం అన్నది ఆ మాటలో లేదు.

ఇప్పుడు హైదరాబాద్ వెళ్దాం. చార్మినార్ కట్టింది 1591లో. నాలుగేళ్లు తిరిగేసరికి, 1595లో, అదే మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన దారుల్‌షిఫా కట్టించాడు. షిఫా అంటే స్వస్థత. రెండంతస్తుల భవనం, మధ్యలో పెద్ద ఖాళీ స్థలం, చుట్టూ రోగులకు గదులు. అక్కడ హకీములు వైద్యం చేసేవారు, అక్కడే శిష్యులకు వైద్యం నేర్పేవారు. పక్కనే మసీదు. అంటే ఆస్పత్రి, కాలేజీ, ప్రార్థన మూడూ ఒకే చోట. ఇప్పుడు ఆస్పత్రి లేదు గానీ, ఆ పేటను ఇప్పటికీ దారుల్‌షిఫా అనే పిలుస్తారు.

'అదంతా హైదరాబాద్ సంగతి, మనకేటి?' అంటారా? మన ఉత్తరాంధ్ర కూడా అప్పట్లో గోల్కొండ ఏలుబడిలోనే ఉండేది. మన ప్రాంతానికి ఫౌజ్‌దారు ఉండే ఊరు శ్రీకాకుళం. అప్పటి రాతల్లో దాన్ని చికాకోల్ అన్నారు. అక్కడి జామియా మసీదును ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. దారుల్‌షిఫా కట్టిన రాజ్యమే మన ఊళ్ల దగ్గర శిస్తు కూడా వసూలు చేసిందన్నమాట.

మరి ఆ హకీములు చదివిందేమిటి? యునానీ వైద్యం. యునాన్ అంటే గ్రీసు. గ్రీకు వైద్యం అరబ్బీలోకి వెళ్లి, అక్కడ పెరిగి, మన దేశానికి వచ్చింది. మన సుశ్రుతుడి గ్రంథం కూడా 8వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అరబ్బీలోకి వెళ్లింది. ఇబ్న్ సీనా 1025 ప్రాంతంలో పూర్తి చేసిన వైద్య గ్రంథాన్ని 17వ శతాబ్దం దాకా యూరప్ విశ్వవిద్యాలయాల్లో కూడా చదివారు. వైద్యానికి ఒకే మతం, ఒకే భాష ఎప్పుడూ లేవు.

మరి మదర్సాకీ వైద్యానికీ మధ్య దూరం ఎక్కడ వచ్చింది? ఒక గట్టి మలుపు కలకత్తాలో దొరుకుతుంది. వారన్ హేస్టింగ్స్ 1780లో పెట్టిన కలకత్తా మదర్సాలో 1820లలో వైద్య తరగతులు నడిచాయి. సంస్కృత కాలేజీలో ఆయుర్వేదం, మదర్సాలో యునానీ, రెండుచోట్లా పడమటి వైద్యం కూడా కొంత. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఆ తరగతులు రద్దు చేసి, ఇంగ్లీషులో పాఠం చెప్పే కలకత్తా మెడికల్ కాలేజీ తెరిచాడు.

దాన్ని నేను పూర్తిగా తప్పు అనను. కొత్త కాలేజీలో శవాన్ని కోసి శరీర నిర్మాణం చెప్పడం మొదలైంది. అది పెద్ద ముందడుగే. అయితే ఒకటి పోయింది. డాక్టరు ఒక భాషలోకి, ఊళ్లో పిల్లలకు చదువు చెప్పే మౌల్వీ, పంతులు ఇంకో భాషలోకి విడిపోయారు. యునానీ కూడా మదర్సా గోడ దాటి ప్రత్యేక కాలేజీల్లోకి వెళ్లింది. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన ఉన్న నిజామియా ఆస్పత్రి, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ కాలేజీ ఆ దారిలోవే.

ఈ విడిపోవడం ఎంత ఖరీదైనదో పోలియో చూపించింది. 2002లో మన దేశంలో 1600 కేసులు వచ్చాయి. ఎక్కువ ఉత్తరప్రదేశ్‌లోనే. చుక్కల మీద పుకార్లు, తలుపులు వేసేసిన ఇళ్లు. అప్పుడు పని చేసింది ఉత్తర్వులు కాదు. ఇమాములు, మదర్సా గురువులు మసీదు మైకులో చెప్పారు. అలీగఢ్, జామియా మిలియా, హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఇంటింటికీ వెళ్లారు. ఆఖరి కేసు 2011 జనవరి 13న, హౌరాలో. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. నమ్మే మనిషి చెబితే తల్లి తలుపు తీస్తుంది.

ఇక ఇప్పటి మాట. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. డాక్టర్ల బృందం బడికే వచ్చి గుండె, కళ్లు, చెవులు, రక్తహీనత చూస్తుంది. కానీ ఆరేళ్లు దాటిన పిల్లల్లో ఆ పథకం లెక్కలోకి వచ్చేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల వాళ్లు. చందాల మీద నడిచే చిన్న మదర్సా హాస్టల్లో పడుకునే పిల్లాడు ఏ జాబితాలో ఉన్నట్టు? గుండెలో రంధ్రం ఉంటే అది ఏ బడి అని చూడదు కదా.

అందరూ పథకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. నమాజుకు ముందు వజూ ఉంది. రోజుకు ఐదు పూటలు చేతులు, నోరు, ముక్కు, ముఖం, కాళ్లు కడుక్కుంటారు. ఇంత మంచి అలవాటు ఉన్నచోట సబ్బు పెట్టడం ఎంత తేలిక! నిలవ నీళ్ల బదులు కుళాయి, ఎవరి తువ్వాలు వాళ్లకు, జ్వరం వచ్చినవాడి పేరు రాసుకునే ఒక నోటు పుస్తకం. ఇవి ఉంటే గజ్జి, కళ్లకలక హాస్టలంతా పాకే అవకాశం తగ్గుతుంది. ఇది మదర్సాకే కాదు, మన సంక్షేమ హాస్టళ్లకు, ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలకూ అంతే.

మీ ఊళ్లో మదర్సా ఉంటే ఒక పని చేయండి. అక్కడి గురువుగారిని, మీ ఆశా అక్కను ఒకసారి కలిపి కూర్చోబెట్టండి. 1595లో ఒకే కప్పు కింద ఉన్న రెండు పనులు, ఇప్పుడు ఒక బెంచీ మీద కూర్చుంటే చాలు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.