హద్దులేని మృదంగము



నేను బడిపంతులుగా నుండిన దినములలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నేటికిని నన్ను విడువలేదు. మృదంగపు మూత అంచున బిగింపబడినందువలననే దాని నాదములు నియతములై యుండునని నేను చెప్పుచుండగా, ఆ బాలుడు లేచి, “పంతులుగారూ, ఆ మూతకు ఒక ప్రక్క అంతమే లేకున్నచో నాదమేమగునండీ?” అనెను. “వెడలిపోయిన ధ్వని పోవును; నాదము నిలువదు. కూర్చుండుము” అంటిని. ఆ యుత్తరము తప్పని చాలకాలమునకు చదువుకొని తెలిసికొంటిని. ఆ ఋణమును నేడు తీర్చుకొనుచున్నాను.

కంపించు తలమున ఒక్కొక్క బిందువు తన చుట్టుప్రక్కల సగటునుండి ఎంత వేరుపడినదో తెలుపు సాధనమునకు లాప్లాసు పరికర్త యని పేరు. ఆ పరికర్త యొక్క వర్ణపటమే తలము పలుకగల నాదముల పట్టిక. 1910లో లోరెంట్జు అను భౌతికశాస్త్రజ్ఞుడు గోటింజెనులో ప్రసంగించుచు, మిక్కిలి ఉన్నతమైన మితికి లోబడిన నాదముల సంఖ్య ఇంచుమించుగా పాత్ర యొక్క పరిమాణముపైననే గాని ఆకృతిపై ఆధారపడదా యని ప్రశ్నించెను. మరుసటి సంవత్సరమే హెర్మన్ వైలు అది నిజమని నిరూపించెను. కాని అదియంతయు హద్దుగల మృదంగముల మాట.

హద్దులేని దానికి ఒక ఉదాహరణము చూతము. అంతట −1 వక్రత గల ఒక తలము కలదు. దానికి మాడ్యులరు తలమని పేరు. దాని కొమ్మొకటి సన్నబడుచు సన్నబడుచు అనంతదూరము పోవును. అయినను మొత్తము వైశాల్యము π/3 మాత్రమే, అనగా 1.05 కంటె కొంచెము తక్కువ. దారికి అంతము లేదు, నేలకు పరిమితి కలదు! ఇచట వర్ణపటము 1/4 మొదలు అవిచ్ఛిన్నముగా పరచుకొనును. ఇవి కొమ్మువెంట వచ్చి, లోపల చెదరి, మరల వెలికిపోవు తరంగములు. ఈ చెదరుటకే పరిక్షేపణమని పేరు.

ఈ ప్రవాహము నడుమ నిలిచియుండు నాదములును కలవా? అనంతముగా కలవని తేల్చినవాడు నార్వేదేశీయుడైన ఆట్లె సెల్బెర్గు. ఒక ప్రక్క నాదములను, మరియొక ప్రక్క తలముపై తిరిగి తిరిగి మొదటికి వచ్చు దారుల పొడవులను నిలిపి, రెంటిని సమానము చేయు ‘జాడ సూత్రము’ నాతడు కనుగొనెను. 1956లో ఆ వ్యాసము వెలువడినది మన భారతీయ గణితసంఘపు పత్రికలోనే. ఆ సంఘమును 1907లో స్థాపించిన వి. రామస్వామి అయ్యరుగారు అప్పుడు అనంతపురము మండలమందలి గుత్తిలో డిప్యూటీ కలెక్టరు. 1911లో శ్రీనివాస రామానుజుని మొదటి వ్యాసము ప్రకటించినదియు ఆ పత్రికయే. సెల్బెర్గు బాల్యముననే రామానుజుని రచనలు చదివి గణితమున కాకర్షితుడైనవాడు. విద్య తిరిగివచ్చు దారులును ఇట్టివే కాబోలు.

అంతకంటె వింత యొకటి కలదు. తరంగము ఎట్లు చెదరి వెలికిపోవునో తెలుపు సూత్రమున, 1859లో రీమాను ప్రధానసంఖ్యల కొరకు పరిశీలించిన జీటా ప్రమేయమే నిలిచియున్నది. కొంతసేపు మ్రోగి క్షీణించు అనునాదములను ఆ ప్రమేయపు శూన్యస్థానములే నిర్ణయించును. ఫద్దేవు 1967లోను, లాక్సు, ఫిలిప్సు అనువారు 1976లోను ఈ విషయమును పరిక్షేపణశాస్త్రపు పద్ధతిలో విస్తరించి చూపిరి.

అయితే నిలిచిన నాదము అన్నిచోట్ల నిలుచునా? 1985లో ఫిలిప్సు, సార్నాకు అనువారు, ఇట్టి తలములలో మార్చుటకు వీలైనవాని ఆకృతిని ఇంచుక మార్చినచో ఆ నాదములు సాధారణముగా కరగి కొమ్మువెంట జారిపోవునని ఊహించిరి. ఈ ఊహ నేటికిని పూర్తిగా రుజువు కాలేదు. మాడ్యులరు తలమున నాదములను నిలుపునది గోడ కాదు. దాని అంకగణిత సౌష్ఠవము.

ఆ బాలుడు నేడెక్కడ నున్నాడో యెరుగను. ఈ మాట వినుచున్నచో, నాయనా, నాదము నిలుచును. నీ ప్రశ్న మంచిది. కూర్చుండుమనుట నాది తప్పు.