స్త్రీల వ్రాత, స్త్రీల పేరు

మన అధ్యక్ష మండలము నూరేండ్లు పూర్తిచేసికొన్న ఈ శుభ సమయమున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతపు స్త్రీల మైత్రి సభ్యురాండ్రమైన మమ్ములను ఒక వ్యాసము వ్రాయుమని సంచిక సంపాదకవర్గము వారు కోరినారు. స్త్రీలు వ్రాయుటకు ప్రేరణ ఏది, ఆటంకము ఏది అన్నదే విషయము. మాలో వాక్యపరిచర్యకు ప్రసంగములు వ్రాసికొనువారు, క్రిస్మసుకు పాటలు కట్టువారు, కథలు వ్రాసి బీరువాలో బట్టల క్రింద దాచుకొన్నవారు కలరు. అచ్చులో తమ పేరు చూచుకొన్నవారు మాత్రము బహు తక్కువ. ఇట్లెందుకు జరిగినదని వెదకగా, మాకు ముందు నడిచిన స్త్రీల చరిత్రయే కొంత జవాబు చెప్పినది.

మొదట భండారు అచ్చమాంబ గారిని స్మరించుకొందము. 1874లో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతమున జన్మించిన ఈమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చుకొన్నారు. కన్నబిడ్డలను పోగొట్టుకొనియు చదువు విడువక, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించినారు. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అను మాట అబద్ధమని వాదించుటకు ఆమె కోపోక్తులు వెదకలేదు. ఒకరి తరువాత ఒకరుగా స్త్రీల జీవితములను పేర్లతో సహా వ్రాసిపెట్టినారు. 1905లో ముప్పది ఏండ్ల వయస్సుననే కన్నుమూసినారు. ప్రక్కన చోటిచ్చిన ఒక్క మనిషి ఉండుట స్త్రీకి ఎంత ప్రేరణయో ఈ జీవితము చూపుచున్నది.

క్రైస్తవ లోకమున పండిత రమాబాయి గారిని (1858–1922) మరువరాదు. పూనా సమీపమున కేడ్‌గాంవ్‌లోని ముక్తి మిషనులో ఆమె మూలభాషలనుండి బైబిలును మరాఠీలోనికి తర్జుమా చేసినారు. అక్కడ ఆశ్రయము పొందిన స్త్రీలే ఆ గ్రంథమునకు అక్షరములు పేర్చి అచ్చొత్తినారు. విశ్వాసము స్త్రీ చేతికి కలమును మాత్రమే గాక అచ్చుయంత్రమును కూడ అందించినది.

మన తెలంగాణ సంఘముల సంగతి ఏమి? మిషను కాలమున గ్రామగ్రామము కాలినడకన తిరిగిన బైబిలు స్త్రీలు, అనేక పల్లెలలో జనులు మొదట చూచిన చదువు వచ్చిన స్త్రీలు. వారు చదివి వినిపించినారు, పాటలు నేర్పినారు, రోగుల ప్రక్కన కూర్చుండి ప్రార్థించినారు. అయినను వారు స్వయముగా వ్రాసినది మనకు దొరకుట అరుదు. వారిని గూర్చిన సమాచారము ఇతరుల నివేదికలలో ఉన్నది. అందును పలుమార్లు పేరు లేదు, 'ఒక బైబిలు స్త్రీ' అని మాత్రమే యున్నది.

మా ప్రాంతమునే చూతము. దిల్‌సుఖ్‌నగర్‌కు దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అను జాగీర్దారు పేరు వచ్చినది. ఎల్.బి. నగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు వచ్చినది. ఇచ్చటికి సమీపమున ఐ.ఎస్. సదన్ చౌరస్తా కలదు. అక్కడ ప్రతిదినము బస్సు దిగు వేలమందిలో ఎందరికి తెలియును, అది ఇందిరా సేవా సదన్ అనియు, దానిని స్థాపించినది సంగం లక్ష్మీబాయి గారనియు? ఘట్‌కేసరులో 1911లో జన్మించిన ఆమె స్వాతంత్ర్యోద్యమమున జైలుకు పోయినారు. 1957 నుండి మూడు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైనారు. 'నా జైలు జ్ఞాపకాలు – అనుభవాలు' అని తన కథను తానే వ్రాసికొన్నారు. ఆ వ్రాత లేకున్నచో, చౌరస్తా పేరులోని రెండు పొడి అక్షరములే మిగిలియుండెడివి.

మన నగరపు రచయిత్రి ఇల్లిందల సరస్వతీదేవి గారు 'స్వర్ణకమలాలు' కథలకు 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినారు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో, ఇల్లు అలుకుటలో మునిగిపోయిన ఇల్లాలు ఒకనాడు తన పేరే మరచిపోవును. ఆ కథను మేము కూడి చదువుకొన్నప్పుడు నవ్వినవారు కలరు, తరువాత చాలసేపు మౌనముగా నున్నవారును కలరు.

ఆ దినమున ఎవరికి వారు తమ ఆటంకమును చెప్పిరి. ఒకరికి తీరిక లేదు. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగర్ వరకు వచ్చినది మొదలు అమీర్‌పేట చేరులోగా ఫోనులో నాలుగు వాక్యములు వ్రాసికొనుచున్నారు. ఒకరికి ఇంటివారు ఏమనుకొందురో అను భయము. ఇంకొకరి అత్తగారు కట్టిన పాట నేటికిని క్రిస్మసునాడు పాడుచున్నారు గాని, నోటుబుక్కు పోయినది, కట్టినవారి పేరు పాడువారికి తెలియదు. మా పాత మినిట్సు పుస్తకములలోను 'అయ్యగారి భార్య', 'ఫలానావారి తల్లి' అనియే ఎక్కువగా నున్నది. వ్రాసినది కూడ మా స్త్రీలే గనుక ఈ తప్పులో మాకును భాగము కలదు.

అప్పుడొక పెద్దమ్మ గారు, "మహిమ దేవునికే గదా, మన పేరెందుకమ్మా? అది గర్వము కాదా?" అని అడిగిరి. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. ఎంతోమంది విశ్వాస స్త్రీల కలమును ఆపినది ఈ వినయమే. అయితే రోమీయులకు వ్రాసిన పత్రిక పదునారవ అధ్యాయము తీసి చూడుడి. పౌలు భక్తుడు ఫీబేను, ప్రిస్కిల్లను, మరియను, పెర్సిసును పేరు పేరున తలంచినాడు. ఆయన చెప్పుచుండగా పత్రిక వ్రాసిన తెర్తియు కూడ నడుమ తన పేరు చెప్పి వందనములు తెలిపినాడు. దేవుని మహిమకు దానివలన ఏ లోటును కలుగలేదు. పేరు చెప్పుట గర్వము కాదు, సాక్ష్యము. న్యాయస్థానములో సైతము పేరు చెప్పని సాక్షి మాట చెల్లదు గదా!

వ్రాయలేనివారి మాట ఎట్లు? 1986లో స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ పోరాటములో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే విని 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రకటించినారు. 2003లో గోగు శ్యామల గారు 'నల్లపొద్దు' అను సంకలనములో దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చినారు. ఈ మార్గము మనకును తెరచియున్నది. ప్రతి సంఘములోను వృద్ధ స్త్రీల సాక్ష్యములను, పాటలను వారి మాటలలోనే, వారి పేరుతోనే వ్రాసికొనవలెనని మేము తీర్మానించుకొన్నాము. మొదట ప్రశ్న అడిగిన ఆ పెద్దమ్మ గారి యొద్దకే పోయినాము. ఆమె తన చిన్ననాటి ఆరాధనలను గూర్చి రెండు గంటలు చెప్పినారు. చివర క్రింద ఏమి వ్రాయవలెనని అడుగగా, కొంచెము ఆలోచించి, కలము తీసికొని తామే సంతకము చేసినారు.