రాబర్ట్ మే
రాబర్ట్ మే (1936–2020) సిడ్నీ నగరమున జన్మించి, 1959లో సైద్ధాంతిక భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది, పిమ్మట జీవావరణ శాస్త్రమునకు గణితరీతిని సమకూర్చిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త. జాతుల సంఖ్యయు వాని పరస్పర సంబంధములును పెరిగినకొలది జీవసముదాయము స్థిరతరమగునన్న ప్రబల విశ్వాసమును, యాదృచ్ఛికముగా కూర్చిన సంక్లిష్టవ్యవస్థ ఒక మేర దాటినంతనే అస్థిరమగునని 1972లో గణితముచే చూపి, ఆయన కదలించెను. ఆయన కృషిలో మిక్కిలి దూరము ప్రసరించినది 1976లో ‘నేచర్’ పత్రికయందలి వ్యాసము: ఒక తరపు జనసంఖ్యనుండి మరుతరపు సంఖ్యను గణించు అతిసరళ సమీకరణమే, వృద్ధిగుణకము హెచ్చినకొలది, స్థిరస్థితిని విడిచి, రెండు, నాలుగు, ఎనిమిది విలువల నడుమ ఆవర్తించి, గుణకము సుమారు 3.57 దాటగా క్రమరహితమగునని అది విశదపరచి, కేయాస్ సిద్ధాంతమును పలు శాస్త్రములకు పరిచితము గావించెను. రాయ్ ఆండర్సన్‌తో కూడి అంటువ్యాధుల వ్యాప్తిని, 2008 మొదలుకొని బ్యాంకుల పరస్పరాశ్రిత పతనమును ఇదే దృష్టితో పరిశీలించెను. 2000 నుండి 2005 వరకు లండను రాయల్ సొసైటీకి అధ్యక్షుడు.