ఈవెలిన్ హూకర్ పరిశోధన - ఒక శాస్త్రనిర్ణయ చరిత్ర

స్వలింగానురాగము మనోవ్యాధియా, కాదా అను ప్రశ్నకు ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున పాశ్చాత్య మనోవైద్యులలో పెక్కుమంది 'వ్యాధియే' యని సమాధానము చెప్పుచుండిరి. అమెరికా మనోవైద్య సంఘము 1952లో ప్రకటించిన వ్యాధుల పట్టికలో దీనిని వ్యక్తిత్వ దోషములలో చేర్చినది. ఈ నిర్ణయమునకు ఆధారములెవ్వి? చికిత్సకై వచ్చిన రోగులు, చెఱసాలలలోని ఖైదీలు. రోగులను మాత్రమే చూచినవారికి రోగమే కనబడుట సహజము. శిథిల తాళపత్ర ప్రతులను మాత్రమే పరిశీలించి, అందలి లోపములన్నియు కవివే యని తీర్మానించుట వంటిదే యిది.

ఈ లోపమును సవరింపబూనినది లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన మనశ్శాస్త్రజ్ఞురాలు ఈవెలిన్ హూకర్. తనవంటివారిని శాస్త్రీయముగా పరిశీలింపుమని పూర్వవిద్యార్థి యొకడు కోరగా ఆమె ఈ పనికి పూనుకొనెను. చికిత్స పొందుచుండని స్వలింగానురక్తులగు పురుషులను 30 మందిని, వయస్సునందును విద్యయందును బుద్ధిబలమునందును వారికి సమానులగు ఇతర పురుషులను 30 మందిని ఎన్నుకొనెను. నాటి చట్టము మొదటివారి సంబంధములను నేరముగా నెంచుచుండుటచే గోప్యత అత్యవసరమయ్యెను. రోర్షాక్ సిరామరకల పరీక్ష మొదలగు మూడు పరీక్షలు జరిపి, ఎవరే వర్గమువారో తెలియనీయక, ఫలితములను బ్రూనో క్లాప్ఫర్ మున్నగు మువ్వురు నిపుణులకు అందజేసెను. వారు ఆ రెండు వర్గములను వేరుపరుపజాలకపోయిరి. మనస్స్వాస్థ్యమునందు వానికి భేదమును గుర్తింపలేకపోయిరి. ఆ వ్యాసము 1957లో వెలువడెను.

ఈ పరిశోధనకు పరిమితులు లేకపోలేదు. పరీక్షితుల సంఖ్య స్వల్పము. వారిలో స్త్రీలు లేరు. అయినను 'స్వలింగానురక్తులెల్లరు రోగులే' యను సార్వత్రిక సిద్ధాంతమును శంకింప నీమాత్రము చాలును. పిమ్మట వచ్చిన పరిశోధనలును, 1970 మొదలుకొని ఆ వర్గమువారు సంఘ సమావేశములలో తెలిపిన నిరసనలును తోడుకాగా, 1973 డిసెంబరులో అమెరికా మనోవైద్య సంఘము స్వలింగానురాగమును వ్యాధుల పట్టికనుండి తొలగించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆ మార్గమునే అనుసరించెను. మనదేశమున 1860నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను క్రింద వయోజనుల పరస్పరాంగీకార సంబంధములు నేరము కావని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను.

వ్యాధియను ముద్రవలన ఎందరో ఉద్యోగములు కోల్పోయిరి. ఎందరో బలవంతపు చికిత్సలకు లోనైరి. ఆధారసేకరణమందలి యొక లోపము ఇంతటి దుఃఖమునకు తోడ్పడెను. ఏ శాస్త్రమునందైనను సమాధానమును విశ్వసించుటకు ముందు, ఎవరిని ప్రశ్నించితిమో, ఎవరిని విడిచితిమో విచారించుట పరిశోధకుని ప్రథమ ధర్మము.