పుట్టింటి పేరు దాచిన పుస్తకాలు

మదనపల్లె అనగానే మనకి ‘జనగణమన’ గుర్తొస్తుంది. 1919లో రవీంద్రుడు అక్కడ ఉన్నప్పుడు ఆ పాటకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ గురించి వినే ఉంటారు. ఆవిడ ఐర్లండ్ ఆడపడుచు. 1878లో రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే ఊళ్ళో పుట్టింది. కానీ అక్కడి జనన రిజిస్టర్లో మార్గరెట్ కజిన్స్ అని వెతికితే ఆవిడ దొరకదు. పుట్టినప్పుడు ఆవిడ మార్గరెట్ గిలెస్పీ. 1903లో జేమ్స్ కజిన్స్‌ని పెళ్ళాడాక ఇంటిపేరు మారింది.

ఆవిడంటే పేరున్న మనిషి కాబట్టి పుట్టింటి పేరు మనకి తెలిసింది. మరి కరువులో ఓడెక్కి అమెరికా పోయిన ఒక కూలివాడి భార్య సంగతేమిటి? 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టి మొదలైన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలమంది దేశం వదిలిపోయారు. వాళ్ళ మునిమనవరాళ్ళు ఇప్పుడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూర్చుని తమ ముత్తవ్వల కోసం వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాట గురించి చదువుతుంటే నాకు తోచింది ఒకటే. మగవాళ్ళని పట్టుకోవడం కొంత నయం. దారి తప్పేది ఆడవాళ్ళ దగ్గరే.

ప్రభుత్వం అక్కడ అందరి జనన మరణాలూ రాయడం మొదలుపెట్టింది 1864 జనవరి 1 నుంచి. 1845 నుంచే పెళ్ళిళ్ళు నమోదు చేశారు గానీ, కేథలిక్కుల పెళ్ళిళ్ళు అందులో లేవు. దేశంలో ఎక్కువమంది కేథలిక్కులే. అంటే కరువు నాటి మనుషులకి చర్చి పుస్తకమే దిక్కు.

ఆ చర్చి పుస్తకాల కథ మాత్రం విచిత్రం. రాజ్యం అండ ఉన్నది ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌కి. ఆ హోదా 1871లో పోయింది. అప్పుడు వాళ్ళ పాత రిజిస్టర్లని ప్రభుత్వ దస్తావేజులుగా లెక్కకట్టి, చాలావాటిని భద్రంగా ఉంటాయని డబ్లిన్‌లోని దస్తావేజుల కార్యాలయానికి చేర్చారు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, ఆ భవనం పేలి తగలబడిపోయింది. వాటితోపాటు 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు కూడా దాదాపుగా బూడిదయ్యాయి. ఎవరూ అడగని కేథలిక్ పుస్తకాలు మాత్రం ఊరి చర్చిల్లో, ఫాదర్ల బీరువాల్లో ఉండిపోయి బతికి బట్టకట్టాయి! తర్వాత ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం వాటిని మైక్రోఫిల్మ్ తీయించింది. 2015 నుంచి ఎవరైనా డబ్బు కట్టకుండా కంప్యూటర్లో చూసుకోవచ్చు.

చూస్తే ఏముంటుంది? చెమ్మకి చెరిగిన సిరా, చాలాచోట్ల లాటిన్. జేమ్స్ ‘జాకోబుస్’ అవుతాడు, విలియమ్ ‘గులియెల్ముస్’ అవుతాడు. అయినా బిడ్డ జ్ఞానస్నానం రాసిన చోట తండ్రి పేరు పక్కన తల్లి పేరు ఉంటుంది, అదీ పుట్టింటి పేరుతో సహా. పక్కన జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు. జ్ఞానతల్లి చాలాసార్లు పిన్నో, మేనత్తో అయివుంటుంది. అందుకే వెతికేవాళ్ళు ఒక్క బిడ్డ దగ్గర ఆగకుండా ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరివీ రాసుకుంటారు. ఆరుగురు పిల్లల జ్ఞానతల్లుల పేర్లు వరసగా పెడితే, ఆ తల్లి అక్కచెల్లెళ్ళు బయటపడతారు. పేర్లు పెట్టడంలోనూ మనలాంటి వరసే ఉంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. పసిబిడ్డ పోతే అదే పేరు తర్వాతి బిడ్డకి పెట్టేవారు. ఒకే ఇంట్లో రెండు బ్రిజిట్‌లు కనబడితే, మొదటి బ్రిజిట్‌కి ఏమైందో మనం ఊహించుకోవలసిందే.

ఆ రోజుల ప్రభుత్వ వివాహ పత్రం చూడండి. వధూవరుల తండ్రుల పేర్లు, వాళ్ళ వృత్తులు ఉంటాయి. తల్లుల ఊసే లేదు. మరణ పత్రంలోనైతే పెళ్ళయినామె భర్త ఇంటిపేరుతోనే ఉంటుంది, అమ్మానాన్నల పేర్లుండవు. ‘కూలివాని భార్య’, అంతే. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరేమిటని అడిగితే చటుక్కున చెప్పగలరా?

ప్రభుత్వ జనన పత్రంలో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది గానీ తేదీని గుడ్డిగా నమ్మకూడదు. గడువు దాటాక నమోదు చేయిస్తే జరిమానా. అందుకని కొందరు పుట్టినరోజుని నాలుగు వారాలు ముందుకి జరిపి చెప్పేవారు. ఫలితంగా, పుట్టకముందే జ్ఞానస్నానం జరిగిపోయిన పిల్లలు కనబడతారు! అలాంటప్పుడు చర్చి తేదీనే నమ్మాలి.

1909లో 70 ఏళ్ళు నిండినవాళ్ళకి పింఛను వచ్చింది. వాళ్ళు పుట్టిన రోజుల్లో జనన పత్రాలెక్కడివి? 1841, 1851 జనాభా లెక్కల్లో మా పేరుందేమో చూడమని అర్జీలు పెట్టుకున్నారు. అమ్మానాన్నల పేర్లు, చిన్నప్పుడు ఉన్న ఊరు రాసిన ఆ అర్జీలు మిగిలాయి, అసలు లెక్కలు కాలిపోయాయి. ఏ ముసలమ్మ పింఛను కోసమో గుమాస్తా ఎత్తి రాసిన నాలుగు ముక్కలే ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం. అన్నట్టు, 1901 లెక్కకీ 1911 లెక్కకీ మధ్య పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరిగినవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు. ఎందుకో చెప్పక్కర్లేదుగా.

ఆ రెండు జనాభా లెక్కలూ పూర్తిగా మిగిలాయి. 1911 ఫారంలో పెళ్ళయిన ఆడవాళ్ళని మాత్రమే అడిగిన గడులున్నాయి. పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడు ఉన్నవారు ఎందరు. భర్త పోయినవాళ్ళకి ఆ ప్రశ్న వర్తించదు. అయినా కొందరు విధవరాళ్ళు ఆ గడులు నింపారు. లెక్క చూసే అధికారి తర్వాత గీత గీసి కొట్టేశాడు. గీత కింద అంకెలు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి.